అమ్మీటరు వెనక వైరు

ఆరో బ్యాటరీలో నీళ్లు పోస్తుండగా సిద్ధయ్య ఎడమ చెయ్యి మళ్లీ బరువెక్కింది. గాజు కూజా పక్కన పెట్టి, కుడిచేత్తో భుజం నుంచి మోచేతి దాకా పిసుక్కున్నాడు. తెల్లవారే వచ్చిన లారీకి హ్యాండిల్ వేసి తిప్పినందుకు వచ్చిన నొప్పి అనుకున్నాడు. నిన్న కూడా అదే అనుకున్నాడు. నిన్న అతను హ్యాండిల్ తిప్పలేదు.

ఆత్మకూరులో బస్సులు ఆగేచోటికి నూరు గజాల దూరంలో ఉన్న తాటాకు కొట్టమే అతని షెడ్డు. ముందువైపు గోడ లేదు. లోపల బల్లమీద బ్యాటరీలు, మూలన పాత డైనమోలు, మేకులకు వేలాడే వైరు చుట్టలు. గాలి ఎప్పుడూ పుల్లగా, గొంతులో గీరుకునేట్టు ఉండేది. ఆసిడ్ చుక్కలు పడి అతని ఖాకీ చొక్కాకు పొట్ట దగ్గర జల్లెడలాగా చిల్లులు. వేళ్ల చివర చర్మం పసుప్పచ్చగా మొద్దుబారిపోయింది. యాభై మూడేళ్ల మనిషి అరవై దాటినవాడిలా కనిపించేవాడు.

రెండేళ్లుగా దగ్గరి వస్తువులు అతనికి అలికేసినట్టు కనిపిస్తున్నాయి. ఆ సంగతి భార్య మస్తానమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. వేళ్లతో తడిమి ఏ వైరు ఎక్కడికి పోతుందో చెప్పగలడు. వైరు మందాన్ని బట్టి అది దీపాలదో హారనుదో పట్టుకోగలడు. పని జరిగిపోతూ ఉంది. మనుషులు కూడా సిద్ధయ్య చెయ్యి పెడితే తిరుగుండదని అనుకుంటూనే ఉన్నారు.

మస్తానమ్మ చద్ది తెచ్చింది. గిన్నె బల్లమీద పెట్టి అతని చేతివైపు చూసింది.

"మళ్లా ఆ చెయ్యి పిసుక్కుంటుండావేందయ్యా?"

"ఏం లే. నరం పట్టింది."

"నెల్లూరు ఆస్పత్రికి పోదాం రా అంటే వినవు గదా."

"పోదాం. ఈ బ్యాటరీలు ఇచ్చేసి పోదాం."

"అవి ఇచ్చేసరికి ఇంకో ఆరు వస్తాయి," అని ఆమె ఖాళీ గిన్నె కోసం కూర్చుంది. అతను చద్ది సగం తిని మిగతాది తోసేశాడు. ఆమె గిన్నె తీసుకుని వెళ్లింది.

సిద్ధయ్యది సీతారామపురం వైపు పల్లె. తండ్రి పెంచలయ్యకు నూటయాభై గొర్రెలుండేవి. ఒక కరువులో మేత లేక సగం, మరుసటేడు రోగమొచ్చి మిగతావీ పోయాయి. యుద్ధం రోజుల్లో నెల్లూరులో మిలిటరీకి మనుషుల్ని తీసుకుంటున్నారంటే వెళ్లి వరసలో నిలబడ్డాడు. నలభై ఏళ్లని చెబితే తీసుకోరని ముప్పై రెండని చెప్పాడు. మోటారు వర్క్‌షాపులో వేశారు. అస్సాం వానల్లో, బురదలో కూరుకున్న ట్రక్కుల కింద పడుకుని వైరింగు నేర్చుకున్నాడు. అక్కడి హవల్దారు ఒకటే మాట చెప్పేవాడు: కరెంటు కంటికి కనపడదు, దాని పని చేసే మనిషి మాట మీదే బండి నడుస్తుంది అని. తిరిగొచ్చాక ఆ మాటను సిద్ధయ్య ఎవరితోనూ అనలేదు గానీ, ఎనిమిదేళ్లుగా దాని మీదే బతికాడు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా ఏ బస్సు దీపాలు ఆరినా అతనికే కబురు వచ్చేది.

తొమ్మిది దాటాక ఉదయగిరి వెంకటరమణయ్య శెట్టి కారు వచ్చి కొట్టం ముందు ఆగింది. పాత షెవర్లే. మద్రాసులో ఎవరో దొర వాడి వదిలేసినది. ఉదయగిరిలో సొంతకారు ఉన్నది శెట్టి ఒక్కడికే. బట్టల టోకు వ్యాపారం మీద వారానికోసారి నెల్లూరు వెళ్లొచ్చేవాడు. డ్రైవరు కొత్తవాడు, కొండలయ్య. కిందికి దిగి అట్టపెట్టె ఒకటి సిద్ధయ్య చేతికిచ్చాడు.

"మామా, కరెంటు మీటరు ముల్లు చచ్చిపోయింది. శెట్టిగారు మద్రాసు నుంచి కొత్తది తెప్పించినారు. ఇయ్యాళే బిగించాలంట. రేపు కావలి వాళ్లు బండి చూసేదానికి వస్తుండారు."

"అమ్మేస్తుండాడా?"

"మనిషిని చంపిన బండి ఇంట్లో వొద్దంటుండాది శెట్టిగారమ్మ."

సిద్ధయ్య బండి ముందు మడ్‌గార్డు మీద కొత్త రంగు చూశాడు. పాత రంగుకీ దానికీ కలవలేదు.

రెండు నెలల కిందట, మసక చీకటి పడే వేళ, ఉదయగిరికి మూడు మైళ్ల ఇవతల వాగు మలుపులో ఆ కారు తిరుపాలు అనే గొర్రెల కాపరిని కొట్టింది. మందను ఇంటికి తోలుకుపోతున్న తిరుపాలు అక్కడే చనిపోయాడు. అప్పుడు కారు నడుపుతున్నది యేసురత్నం. ఆరేళ్లుగా శెట్టి దగ్గర డ్రైవరు. మలుపు దగ్గర బండి నెమ్మది చేశాననీ, దీపాలూ ఇంజనూ ఒకేసారి చచ్చిపోయాయనీ, బండి మనిషికి తగిలిన అదురుకు మళ్లీ రెండూ ఒకేసారి వచ్చాయనీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. పోయిన దీపాలు వాటంతటవే వస్తాయా అన్నారు. తాగి ఉన్నాడన్నారు, నిద్రపోయాడన్నారు.

మరునాడు పోలీసులు సిద్ధయ్యను పిలిపించి బండి చూపించారు. సిద్ధయ్య దీపాలు వేశాడు, వెలిగాయి. హారను కొట్టాడు, మోగింది. బ్యాటరీ చూశాడు, నిండుగా ఉంది. అంతకు నాలుగు నెలల ముందే ఆ బండికి వైరింగంతా కొత్తగా వేసింది తనే. తను వేసిన వైరింగు. మీటరు వెనక చెయ్యి పెట్టి చూడాలని తోచలేదు.

"బండిలో లోపమేం లేదు సార్," అన్నాడు. అదే కాయితం మీద రాశారు. కింద వంకర అక్షరాలతో సంతకం చేశాడు.

తిరుపాలు సిద్ధయ్య పల్లె వైపు మనిషే. చావుకు వెళ్లినప్పుడు తిరుపాలు పెళ్లాం దేవకమ్మ, "నువ్వు బండి చూసినావంట గదన్నా, దీపాలు నిజంగా పోయినాయా?" అని అడిగింది. "లేదమ్మా, బండి బాగనే ఉండాది," అన్నాడు. ఆ మాటతో ఆమెకు ఎవరిని తిట్టాలో తెలిసింది. యేసురత్నం మీద కేసు అయింది. ఉద్యోగం పోయింది.

సిద్ధయ్య కారు సీటు కింద నుంచి బ్యాటరీ వైరు ముందు తప్పించాడు. అది తప్పించకుండా మీటరు జోలికి పోకూడదు. పానా ఎక్కడైనా ఇనుముకు తగిలిందంటే వైర్లన్నీ కాలిపోతాయి. తర్వాత వెల్లకిలా పడుకుని, డ్యాష్‌బోర్డు కిందికి తల దూర్చి, చెయ్యి పైకి పంపించాడు. అక్కడ కళ్లతో పని లేదు. అందరికీ చీకటే.

బ్యాటరీలోకి ఎంత కరెంటు వస్తుందో, ఎంత పోతుందో చూపించే ఆ అమ్మీటరు వెనక రెండు మరబోల్టులుంటాయి. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు ఒకదానికి. దీపాలకూ ఇంజనుకూ పోయే వైర్లు, డైనమో నుంచి వచ్చేది రెండోదానికి. ఒక్క స్టార్టరు తప్ప, బండిలో ఖర్చయ్యే కరెంటంతా ఆ మీటరులోంచే పోవాలి. సిద్ధయ్య వేలు లావు వైరు వెంట పైకి వెళ్లి నట్టును తాకింది. పానా పెట్టబోయి ఆగాడు. నట్టు వేలికే తిరిగింది.

రెండు వేళ్లతో తిప్పితే వచ్చేసింది. వైరు చివర కొక్కెం చేతిలో పడింది. బయటికి లాగి వెలుతురులో కళ్లకు దూరంగా పట్టుకుని చూశాడు. రాగి కొక్కెం ఒకవైపు నల్లగా, ఇంకోవైపు నీలంగా కాలి గుంటలు పడి ఉంది. అలా కాలడానికి రోజులు చాలవు, నెలలు పడతాయి. వదులుగా ఉన్న చోట నిప్పురవ్వ రేగుతూ, ఆరుతూ, మళ్లీ రేగుతూ. నట్టు కింద ఉండాల్సిన స్ప్రింగు వాషరు లేదు. ఆ చిన్న ఉక్కు చుట్టే నట్టును ఎంత అదిరినా కదలకుండా పట్టుకుంటుంది. రెండో బోల్టు తడిమాడు. దానికి ఉంది.

అతను సీటు అంచున కూర్చున్నాడు. పోయిన అక్టోబరు గుర్తొచ్చింది. వాన పడుతున్నది. శెట్టి గొడుగు కింద నిలబడి తొందర పెడుతున్నాడు. రెండో వాషరు వేళ్లలోంచి జారి కారులోనే కింద పడింది. వంగి వెతికాడు. బూడిదరంగు రబ్బరు చాప మీద బూడిదరంగు ఉక్కు ముక్క. కళ్లకు దొరకలేదు. యేసురత్నాన్ని వెతకమని అడగొచ్చు. అడిగితే కళ్లు కనపడవని తెలుస్తుంది. నట్టు గట్టిగా బిగించి, ఈసారి బండి వచ్చినప్పుడు వేద్దాం లెమ్మనుకున్నాడు. ఈసారి బండి వచ్చేసరికి మరిచిపోయాడు.

"ఏంది మామా? బాగలేదా?" కొండలయ్య అడిగాడు.

"ఆగు. ఒకటి చూడాల."

కొక్కెం మళ్లీ పాత బోల్టుకే తగిలించి, నట్టును ఇందాక ఉన్నట్టే వేలితో వదులుగా తిప్పి పెట్టాడు. బ్యాటరీ కలిపాడు. కొండలయ్యను ఇంజను వెయ్యమన్నాడు, దీపాలు వెయ్యమన్నాడు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నది. పగటి వెలుగులో దీపాలు పచ్చగా కనిపించాయి. సిద్ధయ్య కింద నుంచి చెయ్యి పంపి వైరును కొద్దిగా కదిపాడు. ఇంజను టక్కున ఆగింది. దీపాలు ఆరిపోయాయి.

వైరును పైకి నొక్కాడు. దీపాలు వెలిగాయి.

"ఇంకో తూరి ఇంజను వెయ్యి. రేజు చెయ్యి."

ఇంజను జోరుగా తిరుగుతున్నప్పుడు వైరు కదిపితే దీపాలు భగ్గుమన్నాయి తప్ప ఆరలేదు. ఇంజనుతో తిరిగే డైనమో కరెంటు అందిస్తున్నది. వేగం తగ్గించమన్నాడు. డైనమో అందివ్వడం మానగానే రెండూ ఒకేసారి పోయాయి. మలుపు దగ్గర బండి నెమ్మది చేశాను సార్ అన్నాడు యేసురత్నం. అందరిముందూ, చేతులు కట్టుకుని. బండి గేరులో దొర్లుతూ ఉంటే, అదురుకు వైరు మళ్లీ తగిలితే, ఇంజను దానంతటదే అందుకుంటుంది. దీపాలూ వస్తాయి. అతను చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు.

మూడోసారి కూడా చేసి చూశాడు. కొండలయ్య స్టీరింగు మీద చేతులు తీసేసి అతని వంక చూస్తున్నాడు.

"మామా. యేసురత్నం చెప్పింది ఇదే గదా."

"ఇదే."

"అట్టయితే..."

"నువ్వు దిగు. నన్ను పని చేసుకోనీ."

ఆ తర్వాత గంటసేపు సిద్ధయ్య పనిలోనే ఉన్నాడు. కాలిన కొక్కెం కత్తిరించి విడిగా పెట్టాడు. కొత్త కొక్కేన్ని వైరుకు వేసి, సీసం కరిగించి అతికించాడు. కొత్త మీటరు బిగించి రెండు బోల్టులకూ వాషర్లు తొడిగాడు. తొడిగాక గోటితో గీరి చూశాడు, ఉన్నాయని. బ్యాటరీ కలిపి, ఇంజను వెయ్యకుండా దీపాలు మాత్రం వేశాడు. ముల్లు కుడివైపు, కూడిక గుర్తు వైపు వాలింది. అంటే వైర్లు తారుమారయ్యాయి. బ్యాటరీలోంచి కరెంటు పోతుంటే ముల్లు ఎడమకు, తీసివేత గుర్తు వైపు వాలాలి. అంత చిన్న సంగతిలో తను ఎప్పుడూ పొరపాటు పడలేదు. మళ్లీ అంతా విప్పి వైర్లు మార్చి బిగించాడు. ఈసారి ముల్లు ఎడమకు వెళ్లింది. ఇంజను వెయ్యగానే నిదానంగా కుడికి వచ్చింది. అన్నీ ఆపగానే నడిమికి వచ్చి నిలిచింది.

"పోదాం పద," అన్నాడు. పాత మీటరును, కాలిన కొక్కేన్ని గుడ్డపేలికలో మూటగట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "రోడ్డు మీద చూడాల మీటరు. శెట్టిగారితో మాట్లాడేది కూడా ఉండాది."

అనుమసముద్రంపేటకు చీలే దారి దాటేసరికి ఎండ నెత్తికెక్కింది. రెండువైపులా కోత అయిపోయిన జొన్న చేలు, ఎర్రమట్టి, అక్కడక్కడ తుమ్మచెట్టు నీడలో గొర్రెలు. సిద్ధయ్య ముందు సీట్లో కూర్చుని ముల్లు చూస్తున్నాడు. అంకెలు కనిపించడం లేదు. ముల్లు మాత్రం నల్లటి గీతలాగా కనిపిస్తున్నది. గతుకుల్లో కూడా తొణకలేదు. చెయ్యి నొప్పి ఇప్పుడు దవడ దాకా వచ్చింది. కొండలయ్య ఒకసారి అడిగాడు.

"శెట్టిగారికి చెప్తావా?"

"ఆయన బండి. ఆయనకు చెప్పకపోతే ఎట్టా?"

"చెప్పి ఏం చేస్తావు మామా? తిరుపాలు తిరిగొస్తాడా?"

"యేసురత్నం ఉండాడు గదా ఇంకా," అన్నాడు సిద్ధయ్య.

ఉదయగిరి కొండ ముందు నీలంగా, తర్వాత బూడిదరంగులో కనిపించి దగ్గరికొచ్చింది. వాగు మలుపు దగ్గర కొండలయ్య బండి నెమ్మది చేశాడు. దీపాలు వేసి లేవు, అయినా సిద్ధయ్య చెయ్యి తనంతట తనే డ్యాష్‌బోర్డు కిందికి పోయి వైరు పట్టుకుంది. మలుపు దాటేదాకా వదల్లేదు.

వెంకటరమణయ్య శెట్టి ఇంటి వసారాలో బట్టల మూటల మధ్య కూర్చుని ఉన్నాడు. సన్నగా, తెల్లగా, ఎప్పుడూ గొంతెత్తని మనిషి. సిద్ధయ్య నిలబడే అంతా చెప్పాడు. వాషరు పడిపోయిన సంగతి, దొరకని సంగతి, తన కళ్ల సంగతి. మూట విప్పి కాలిన కొక్కెం చూపించాడు. శెట్టి మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు.

"కొండలయ్య చూసినాడా ఇది?"

"చూసినాడు శెట్టిగారూ."

"ఏం చూసినావురా?" అని శెట్టి డ్రైవరును అడిగాడు.

కొండలయ్య తల వంచుకున్నాడు. "నాకు వైరింగు సంగతి తెలియదు శెట్టిగారూ."

శెట్టి సిద్ధయ్య వైపు తిరిగాడు. "సిద్ధయ్యా, బాగుండాదని సంతకం పెట్టింది నువ్వే గదా. ఇప్పుడు కాదంటే నిన్ను లోపల వేస్తారు. నన్నూ కోర్టుకు లాగుతారు. ఆ పిల్లోడికి మహా అయితే ఏడాది. వయసులో ఉండాడు, పోయొస్తాడు. నువ్వు పోతే తిరిగొస్తావా? నీ మొహం చూసుకున్నావా?"

"తప్పు నాది శెట్టిగారూ."

"ఎవరు కాదన్నారు? ఆ సామాను ఇట్టా ఇయ్యి."

చెయ్యి చాపాడు. సిద్ధయ్య బతుకంతా, చెయ్యి చాపిన పెద్దమనిషికి అడిగింది ఇస్తూనే వచ్చాడు. హవల్దారుకు ఇచ్చాడు, పోలీసులకు సంతకం ఇచ్చాడు. గుడ్డమూట శెట్టి చేతిలో పెట్టాడు. పెట్టిన తర్వాత గానీ ఏం చేశాడో తెలియలేదు. శెట్టి మూటను లోపలికి పంపించేసి, "కొండలయ్యా, నువ్వు బండి కడుగు. సిద్ధయ్య బస్సుకు పోతాడులే," అన్నాడు.

సిద్ధయ్య బస్సులు ఆగేచోటికి పోలేదు. ఊరికి అవతల, కొండ కిందుగా మైలున్నర దూరంలో ఉన్న పాళేనికి నడిచాడు. మధ్యలో రెండుసార్లు రోడ్డు పక్కన కూర్చున్నాడు. రెండోసారి లేవడానికి ఒక తుమ్మకొమ్మ పట్టుకున్నాడు. ముళ్లు గుచ్చుకున్నా మొద్దుబారిన వేళ్లకు తెలియలేదు.

యేసురత్నం ఇంటిముందు అరుగు మీద కూర్చుని నులక పేనుతున్నాడు. ముప్పై ఏళ్లవాడు. గడ్డం పెరిగింది. రెండు నెలల్లో చెంపలు లోపలికి పోయాయి. సిద్ధయ్యను చూసి లేవలేదు.

"దేనికొచ్చినావు మేస్త్రీ?"

సిద్ధయ్య అరుగు చివర కూలబడ్డాడు. యేసురత్నం తల్లి శీనమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"తల్లీ, మంచినీళ్లు," అన్నాడు.

ఆమె కొడుకు వైపు చూసింది. "మా ఇంట్లో తాగుతావా అయ్యా? పైకులమోళ్ల ఇంట్లోంచి తెప్పించేదా?"

"ఇయ్యి తల్లీ. నీళ్లే గదా."

తాగి, చెంబు కింద పెట్టి, యేసురత్నం మొహం చూడకుండా నులక వైపు చూస్తూ చెప్పాడు.

"నువ్వు చెప్పింది నిజమే రత్నం. దీపాలూ ఇంజనూ ఒకేసారి పోయినాయి. మీటరు వెనక వైరు వదులు. వాషరు వెయ్యనిది నేను. ఇయ్యాళ చేత్తో ఆడించి చూసినా. మూడు తూర్లు చూసినా. నువ్వు చెప్పినట్టే పోయినాయి, నువ్వు చెప్పినట్టే వచ్చినాయి."

యేసురత్నం చేతిలో నులక జారిపోయి పేనింది విడిపోసాగింది.

"నాకే అనుమానం వచ్చేసింది మేస్త్రీ," అన్నాడు చివరికి. "దీపాలు పోయినాయా, నేనే కళ్లు మూసుకున్నానా అని. ఇంతమంది అంటుంటే నేనే నిద్రపోయినానేమో అనుకున్నా. రోజూ పండుకుంటే అదే. దేవకమ్మ కాళ్ల మీద పడితే మొహాన ఉమ్మేసింది. తుడుచుకోలేదు. సరే ఉమ్మేయనీ అనుకున్నా."

"తప్పు నాది."

"నీదే!" అని యేసురత్నం అరిచాడు. లేచి నిలబడ్డాడు. చెయ్యి ఎత్తాడు కూడా. శీనమ్మ అడ్డం వచ్చింది. అతను ఆ చేత్తోనే అరుగు గుంజ పట్టుకుని నిలబడిపోయాడు. "నీదే మేస్త్రీ. ఎవురు చెప్పినా నమ్మేవాళ్లు గాదు. నువ్వు చెప్పినావని నమ్మినారు."

"అవును."

"గురువారం కోర్టు ఉండాది. ఆడ చెప్తావా ఈ మాట?"

"చెప్తా. గురువారం దాకా ఎందుకు, ఇప్పుడే రాయించు. సామాను శెట్టికి ఇచ్చేసినా. నాది బుద్ధి గాదు. ఇంక నా నోరొక్కటే ఉండాది. రాయించు."

యేసురత్నం పైపంచె కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. నాలుగిళ్ల అవతల ఉండే మిషను బడి అయ్యవారిని వెంటబెట్టుకుని వచ్చాడు. అయ్యవారు పెద్దవాడు, నెమ్మదస్తుడు. తెల్లకాయితం, సిరాబుడ్డి, కలం తెచ్చాడు. పీట మీద కాయితం పెట్టుకుని, ఇలాంటివి ఎలా మొదలుపెట్టాలో తనకు తెలుసునన్నాడు. పొద్దు కొండ వెనక్కి దిగుతున్నది. అరుగు మీద ఇంకా వెలుతురుంది.

"నీ తండ్రి పేరు?"

"పెంచలయ్య."

"ఊరు?"

"పుట్టింది సీతారామపురం పక్కన. ఉండేది ఆత్మకూరు. ఆత్మకూరనే రాయండి."

కలం గరగరలాడింది. అయ్యవారు మొదటి వరస రాసి పైకి చదివి వినిపించాడు. సిద్ధయ్య తల ఊపాడు. గోడకు చేరగిలబడి, ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"ఇంక చెప్పు. మొదటి నుంచి చెప్పు."

"వాన పడుతుండాది," అన్నాడు సిద్ధయ్య. "శెట్టిగారు గొడుగు కింద ఉండాడు. నేను కింద పండుకోని ఉండా. చిన్న వాషరు..."

ఆగాడు. అయ్యవారు అది రాయాలా వద్దా అని ఆలోచించాడు. వాన సంగతి కాయితం మీద అక్కర్లేదు, అసలు సంగతి రాగానే రాద్దామని కలం ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. సిద్ధయ్య నేలవైపు చూస్తున్నాడు, అక్కడ ఏదో వెతుకుతున్నట్టు. జ్ఞాపకం చేసుకుంటున్నాడని ముగ్గురూ ఊరకే ఉన్నారు. కలం చివర సిరా చుక్క కట్టి ఆరిపోయింది. పాళెంలో ఎవరో మేకను పిలుస్తున్నారు.

"చెప్పు మేస్త్రీ," అన్నాడు యేసురత్నం.

శీనమ్మ ముందుగా గ్రహించింది. దగ్గరికి వచ్చి అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, "రత్నం," అని మాత్రం అంది.

శవాన్ని తీసుకెళ్లడానికి శెట్టి కారు ఇవ్వలేదు. కావలి వాళ్లు వస్తున్నారన్నాడు. పాళెంలోనే ఒక ఎడ్లబండి అడిగి, గడ్డి పరిచి, యేసురత్నమే తోలుకుంటూ ఆత్మకూరు బయల్దేరాడు. మరునాడు మధ్యాహ్నం చేరాడు. కొట్టం ముందు మస్తానమ్మ ఏడుపు ఆగిన తర్వాత ఒకటే అడిగింది.

"ఆడికి ఎందుకు పోయినాడు నాయనా?"

యేసురత్నం దారిపొడుగునా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వచ్చాడు. ఎన్నో రకాలుగా చెప్పవచ్చు. నీ మొగుడు నా బతుకు తీశాడని కూడా చెప్పవచ్చు.

"నా గురించి నిజం చెప్పేదానికి వచ్చినాడమ్మా," అన్నాడు.

గురువారం కోర్టులో అయ్యవారు సాక్ష్యం చెప్తానని ముందుకొచ్చాడు. ఆయన చెవితో విన్నది వాన, గొడుగు, చిన్న వాషరు. మిగిలిందంతా యేసురత్నమూ అతని తల్లీ విన్నది. ముద్దాయి మాట, ముద్దాయి తల్లి మాట నిలబడవని యేసురత్నం తరఫు ప్లీడరే చెప్పాడు. బండిలో లోపం లేదన్న కాయితం మీద మాత్రం సిద్ధయ్య సంతకం ఉంది. కొండలయ్యను అడిగితే తనకు వైరింగు తెలియదన్నాడు. బండి అప్పటికే కావలి వెళ్లిపోయింది. కొత్త మీటరు బాగా పని చేస్తున్నదని కొన్నవాళ్లు చెప్పారట. యేసురత్నానికి ఏడాది శిక్ష పడింది. దేవకమ్మ కోర్టు మెట్ల కింద, ఇద్దరు పిల్లల్నీ ఆనించుకుని, అతన్ని జీపు ఎక్కించేదాకా చూస్తూ నిలబడింది.

జైలుకు పోయే ముందు అతను అయ్యవారి దగ్గర ఆ కాయితం అడిగి తీసుకుని తల్లికిచ్చాడు. దేనికి పనికొస్తుందని ఆమె అడగలేదు. చదువు రాదు కాబట్టి ఒకరోజు అయ్యవారి చేత చదివించుకుని విన్నది. తర్వాత నాలుగు మడతలు పెట్టి, రేకు పెట్టెలో కొడుకు ఖాకీ చొక్కా మీద దాచింది. అయ్యవారి గుండ్రటి అక్షరాలతో పైన ఒకే ఒక వరస, "పెంచలయ్య కుమారుడు, ఆత్మకూరు కాపురస్తుడు సిద్ధయ్య అను నేను నా ఇష్టపూర్తిగా చెప్పి వ్రాయించిన వాంగ్మూలం ఏమనగా," అని. దాని కింద కాయితమంతా తెల్లగా ఉంది.